దుఃఖంలో దేవుని నామాలను ఆశ్రయించడం ఎలా

దుఃఖంలో ఉన్న విశ్వాసి చేతికి తరచుగా దేవుని నామాల పట్టిక ఒకటి వస్తుంది. యెహోవా యీరే (యెహోవా చూచుకొనును), యెహోవా రాఫా (స్వస్థపరచు యెహోవా), యెహోవా నిస్సీ (యెహోవా నా ధ్వజము), యెహోవా షాలోమ్ (యెహోవా సమాధానకర్త) అంటూ అర్థాలతో సహా వరుసగా రాసి ఉన్న ఆ పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదివినా మనసులోని భారం తగ్గకపోవచ్చు. అంతమాత్రాన తన విశ్వాసం బలహీనమైనదని ఎవరూ అనుకోవలసిన అవసరం లేదు. బైబిలులో ఈ నామాలు పట్టికగా రాలేదు. ఒక్కొక్కటి ఒక మనిషి కష్టంలో, ఒక బుగ్గ పక్కనో, ఒక కొండ మీదనో, ఒక బలిపీఠం దగ్గరనో పలికినది. నిజానికి యీరే అనేది అబ్రాహాము ఒక చోటికి పెట్టిన పేరు. నిస్సీ, షాలోమ్ బలిపీఠాల పేర్లు. కాబట్టి ఆదరణ కోరేవారు నామాన్ని అది పుట్టిన సందర్భంతో కలిపి చదవాలి.

ముందుగా మీ బాధ ఏమిటో ఒక్క వాక్యంలో, దాచకుండా రాసుకోండి. "మనసు బాగాలేదు" అంటే సరిపోదు. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు, రేపు జరగబోయేదాన్ని తలచుకుంటే భయం వేస్తోంది, చేసిన తప్పు నన్ను వదలడం లేదు, ఉన్న చోటును పోగొట్టుకున్నాను అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ తరువాత ఆ బాధకు దగ్గరగా ఉన్న ఒకే ఒక్క నామాన్ని ఎంచుకోండి. అపరాధ భావంతో కుమిలిపోయేవారు యిర్మీయా 23వ అధ్యాయంలోని "యెహోవా మనకు నీతి" అనే నామం దగ్గర ఆగవచ్చు. అవమానం మోస్తున్నవారు, సంతానం లేక నిందలు పడిన హన్నా ప్రార్థనలో సైన్యములకధిపతియగు యెహోవా అనే పిలుపును వినవచ్చు. చెరలో ఉన్న యెహెజ్కేలు, యెరూషలేము కూలిపోయిన 14వ ఏట చూసిన దర్శనం యెహోవా షమ్మా (యెహోవా అక్కడ ఉన్నాడు) అనే పట్టణం పేరుతో ముగుస్తుంది. సర్వం పోగొట్టుకున్నవారికి ఆ గ్రంథంలోని చివరి వాక్యం చాలా దగ్గరగా ఉంటుంది.

నామాన్ని ఎంచుకున్నాక ఆ అధ్యాయం మొత్తాన్ని నెమ్మదిగా చదివి, నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి: ఈ నామాన్ని పలికింది ఎవరు, ఎక్కడ, ఏ కష్టంలో, పలికే సమయానికి వారి పరిస్థితిలో ఏం మారింది? ఆదికాండము 16వ అధ్యాయాన్ని ఇలా చదివి చూడండి. అబ్రాము (తరువాత అబ్రాహాము అయినవాడు) భార్య శారయి తన దాసి హాగరును "నా దాసి" అంటుంది, అబ్రాము "నీ దాసి" అంటాడు. ఆ ఇంట్లో వారి మాటల్లో ఆమె పేరు ఒక్కసారి కూడా వినిపించదు. శారయి పెట్టిన శ్రమలకు పారిపోయిన ఆమెకు షూరు మార్గంలో బుగ్గ దగ్గర కనిపించిన యెహోవా దూత మాత్రం ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడ నుంచి వచ్చావు, ఎక్కడికి వెళుతున్నావు అని అడుగుతాడు. గర్భిణి అయిన ఆ ఐగుప్తు స్త్రీ అప్పుడు దేవునితో "చూచుచున్న దేవుడవు నీవే" అంటుంది. బైబిలులో దేవునికి ఒక పేరు పెట్టిన మొదటి మనిషి ఆమే. అయితే ఆమె తిరిగి వెళ్లవలసింది ఆ ఇంటికే, ఆ యజమానురాలి దగ్గరికే.

అందుకే నాలుగో ప్రశ్నను నేను అన్నిటికంటె ముఖ్యమైనదిగా భావిస్తాను. న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుడైన గిద్యోను శత్రువులైన మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్న రోజుల్లోనే ఒఫ్రాలో బలిపీఠం కట్టి, దానికి యెహోవా సమాధానకర్త అని పేరు పెట్టాడు. అప్పటికి 7 ఏళ్లుగా దేశాన్ని పీడిస్తున్న శత్రువు ఇంకా అక్కడే ఉన్నాడు, 300 మందితో చేసిన యుద్ధం ఇంకా జరగలేదు. మోరీయా దేశపు కొండ మీద అబ్రాహాము తన కుమారునికి బదులు బలికి పొట్టేలు దొరికిన తరువాత పేరు పెడితే, గిద్యోను విడుదలకు ముందే పెట్టాడు. మీ పరిస్థితి ఇంకా మారకపోయినా ఆ నామాన్ని పట్టుకొని ప్రార్థించే హక్కు మీకు ఉంది.

ప్రార్థించేటప్పుడు "ఆయన" అనే మాట నుంచి "నీవు" అనే మాటకు రండి. 23వ కీర్తనలో దావీదు మొదటి మూడు వచనాల్లో కాపరి గురించి మాట్లాడి, గాఢాంధకారపు లోయ ప్రస్తావన వచ్చిన నాలుగో వచనంలో నేరుగా కాపరితోనే మాట్లాడతాడు. "నన్ను చూస్తున్న దేవా" అని పిలిచి, మొదట రాసుకున్న మీ వాక్యాన్ని ఆయన ముందు ఉన్నది ఉన్నట్టుగా చదవండి. అది ఫిర్యాదులా వినిపించినా వెనక్కి తీసుకోకండి. భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని బేత్లెహేముకు తిరిగి వచ్చిన నయోమి సర్వశక్తుడనే నామాన్ని తన చేదును చెప్పుకోవడానికే వాడింది. ఆ మాటకు ఆమెను ఎవరూ మందలించినట్టు రూతు గ్రంథంలో లేదు.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నామం మంత్రం కాదు. ఎక్కువసార్లు పలికితే ఎక్కువ ఫలితం వస్తుందనే ఆలోచన మనిషిని అలసిపోయేలా చేస్తుంది. స్వస్థపరచు యెహోవా అనే మాట నిర్గమకాండము 15వ అధ్యాయంలో మారా చేదునీళ్ల తరువాత ఇశ్రాయేలు ప్రజలతో చెప్పినది, దానికి ఆజ్ఞలను అనుసరించాలనే షరతు కూడా ఉంది. స్వస్థత కోసం ఆ నామంతో ధైర్యంగా ప్రార్థించండి, చికిత్స కూడా కొనసాగించండి. కానీ స్వస్థత రాలేదు కాబట్టి విశ్వాసం లేదని రోగితో అనడానికి ఆ వచనాన్ని ఎవరూ వాడకూడదు.

ఇతరులను ఆదరించాలనుకునేవారు, పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని కోల్పోయిన యోబు స్నేహితులను గమనించాలి. వారు 7 పగళ్లు, 7 రాత్రులు మాట్లాడకుండా అతనితో నేలపై కూర్చున్నంత కాలం సరిగానే ఉన్నారు, నోరు తెరిచిన తరువాతే తప్పిపోయారు. కొత్తగా ఆప్తులను కోల్పోయిన వారికి నామాల అర్థాలు వివరించకండి. వారు అడిగితే హాగరు కథ ఉన్న ఆ ఒక్క అధ్యాయాన్ని పైకి చదివి వినిపించండి, వ్యాఖ్యానం చేయకుండా కాసేపు పక్కన కూర్చోండి. ప్రార్థించే శక్తి కూడా లేదని వారు చెబితే, వారి అనుమతితో, వారు చెప్పిన మాటలతోనే మీరు ప్రార్థించండి.