ఫొటో కింద వివరం దాచి ఇవ్వండి

గిరిజన సంస్కృతుల గురించి పాఠం చెప్పే టీచర్లకు ఒక చిట్కా. 1940ల్లో హైదరాబాద్ సంస్థానంలో చెంచులు, రాజ్‌గోండుల మధ్య తిరిగిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ఒకటి ప్రింట్ తీసి, వివరం కనపడకుండా మడిచి పిల్లలకివ్వండి. "వీళ్లెవరు?" అని మాత్రం అడగొద్దు, వెంటనే ఊహలు మొదలవుతాయి. "ఏమేం వస్తువులున్నాయి? దేంతో చేసుంటారు? ఎక్కడ అరిగింది?" అనడగండి. తవ్వకంలో దొరికిన కుండపెంకునీ పురావస్తు శాఖవాళ్లు ఇలాగే చూస్తారు: మట్టి ఎలాంటిది, ఎలా కాల్చారు, మసి ఎటువైపుంది, ఇలా.

ఆ తర్వాత హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియంకి తీసుకెళ్లి, అలాంటి వస్తువులే వెతకమనండి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం కూడా బాగుంటుంది కానీ, అక్కడ పిల్లలంతా ఈజిప్టు మమ్మీ దగ్గరే ఆగిపోతారు!

ఇంటికెళ్లాక పాత చాటో, రోకలో పక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయమనండి. స్కేలు లేకపోతే సైజు తెలియదు.

ఒక్క జాగ్రత్త. చెంచులు నేటికీ నల్లమలలో ఉన్నారు, ఆదిలాబాద్ వైపు ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు (మైనం అచ్చుతో చేసే ఇత్తడి బొమ్మలు) పోతపోస్తూనే ఉన్నారు. ఎవరైనా అంతా గతమన్నట్టు రాస్తే అక్కడే దిద్దించండి.