పెర్సెపోలిస్ చూడాలంటే ముందు మెట్ల దగ్గర ఆగండి

పెర్సెపోలిస్ అని వెతికితే ముందు వచ్చేవి స్తంభాల ఫొటోలే. బాగుంటాయి, కానీ రెండు నిమిషాల్లో చూడటం అయిపోతుంది. ఇరాన్‌లో షిరాజ్‌కి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పాడుబడ్డ రాజధానిని ఒంగోల్లో కూర్చుని చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అపదాన అనే సభామండపం మెట్ల గోడలతో మొదలుపెట్టండి, అందులోనూ తూర్పువైపు మెట్లు, ఎందుకంటే 1930లలో తవ్వేదాకా మట్టి కింద ఉండబట్టి అక్కడి చెక్కడాలు చాలావరకు చెదరకుండా మిగిలాయి. ఫోన్‌లో సరిపోదు, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి.

పర్షియా, అంటే పాత ఇరాన్, రాజు డేరియస్ మొదలుపెడితే కొడుకు జెర్క్సీస్ పూర్తిచేసిన మండపం ఇది. గోడ మీద 23 జాతులవాళ్లు రాజుకి కానుకలు పట్టుకుని నడుస్తుంటారు. ఒక గుంపు ఎక్కడ అయిపోయిందో సైప్రస్ చెట్టుని బట్టి తెలుస్తుంది, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఒక జాతి. ప్రతి గుంపు పెద్దనీ ఒక రాజోద్యోగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటాడు. పేర్లు చెక్కలేదు కాబట్టి టోపీ, బట్టలు, తెచ్చిన వస్తువు చూసి పోల్చుకోవాలి, పరిశోధకులు కూడా అలాగే పోల్చారు. ఒక ఫొటోలో కుడికి నడిచేవాళ్లే ఇంకో ఫొటోలో ఎడమకి నడుస్తుంటే కంగారు పడొద్దు, ఉత్తరం మెట్ల మీద ఇవే బొమ్మల్ని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కారు.

ఇప్పుడు ఎద్దుని వెతకండి. గాంధారులుగా గుర్తించిన గుంపు వెంట మూపురం ఉన్న ఎద్దు ఒకటి నడుస్తుంటుంది. సంక్రాంతికి బండలాగుడు పందేలు చూస్తూ పెరిగిన మనకి ఆ మూపురాన్ని ఎవరూ వేలుపెట్టి చూపించక్కర్లేదు! అది ఒంగోలు జాతే అని మాత్రం పిల్లలకి చెప్పకండి, అలా అనడానికి ఆధారం లేదు.

తర్వాత హిందూష్ వాళ్లు, అంటే సింధు ప్రాంతంవాళ్లు. నడుముకి పంచెలాంటి గుడ్డ, పక్కన ఒక గాడిద, ఒకడి భుజాన కావడి. అవును, మన కావడే, రెండువైపులా బుట్టలు. వాటిలో ఉన్నది బంగారు పొడి అంటారు, భారతీయులు పర్షియాకి ఏటా 360 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి తూకం కొలత) బంగారు పొడి కప్పం కట్టేవాళ్లని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. నేనైతే ఆ కావడి దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను.

ఇవన్నీ అయ్యాక స్తంభాలకి వెళ్లండి. అపదానలోని 72లో 13 నిలబడి ఉన్నాయి, ఒక్కోటి దాదాపు 20 మీటర్ల ఎత్తు. కింద పడి ఉన్న స్తంభాల తలల్ని దగ్గరగా చూడండి, వీపులు కలిపి కూర్చున్న రెండేసి ఎద్దులు కనిపిస్తాయి. క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ సేన నిప్పు పెట్టేదాకా కప్పు దూలాలు మోసింది అలాంటి ఎద్దులే.