అడవి కత్తి కొనేముందు

అడవిలో వాడే కత్తి చేతికొస్తే నేను ముందు చూసేది పదును కాదు, వెన్ను, అంటే పదునుకు అవతలి మొద్దు వైపు. పదును తర్వాతైనా పెట్టుకోవచ్చు. వెన్ను అంచులు లంబకోణంలో నిలిస్తే ఫెర్రో రాడ్ (నిప్పు రాజేసే లోహపు కడ్డీ) మీద గీసినప్పుడు నిప్పురవ్వలు రాలతాయి. గుండ్రంగా ఉంటే జారిపోతుంది. ఆ తర్వాత కత్తిని దీపం కిందకు తెచ్చి అంచును పైకి తిప్పండి. ఎక్కడ మెరిస్తే అక్కడ మొద్దుగా ఉన్నట్టే. పిడి చెక్కకూ ఉక్కుకూ మధ్య గోరు దూరే సందుంటే నీరు చేరి తుప్పు పడుతుంది. కట్టెలు చీల్చే పనికైతే ఉక్కు పిడి చివరిదాకా సాగాలి. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. అంతకన్నా లావైనవి ఎక్కువగా చూడడానికే బాగుంటాయి.

అసలు చిక్కు అమ్మేవారితోనే. వట్టి 'హై కార్బన్ స్టీల్' అంటే ఏమీ చెప్పనట్టే. 1095 అనో, 14సి28ఎన్ అనో ఉక్కు రకం చెప్పాలి. '440' అని ఊరుకున్నా ఒప్పుకోకండి, 440ఏ కన్నా 440సీలో కార్బన్ బాగా ఎక్కువ. 'సర్జికల్ స్టీల్' అని మొదలుపెడితే నేనైతే అక్కడినుంచి కదులుతాను. ఎంత మంచి ఉక్కైనా కాల్చి చల్లార్చడంలో తేడా వస్తే దండగ. అందుకే రాక్‌వెల్ కాఠిన్యం, అంటే ఉక్కు గట్టిదనాన్ని కొలిచే అంకె, ఎంతో అడగండి. 1095కు 56 నుంచి 59 దాకా చెబితే నమ్మవచ్చు. డమాస్కస్ (పొరలు పొరలుగా అతికిన ఉక్కు) అని అమ్మితే పొరల గీతలు వెన్ను మీద కూడా సాగాలి. పక్కల మాత్రమే ఉంటే యాసిడ్‌తో వేసిన బొమ్మేమోనని అనుమానించండి. దూరం నుంచి కొంటుంటే వెన్ను, అంచు, పిడి అతుకుల దగ్గరి ఫొటోలు తెప్పించుకోండి. అవి పంపడానికి విసుక్కునేవారి దగ్గర, ఎంత చవకైనా, నేను కొనను.