వింగ్ చున్‌లో తేలికపాటి పోరు సాధన

దక్షిణ చైనా యుద్ధకళ అయిన వింగ్ చున్‌లో పోరుకు దిగే ముందు ‘చి సావ్’, అంటే అంటుకునే చేతుల అభ్యాసం, కొన్ని నెలలైనా చేసి ఉండాలి. 1950లో హాంకాంగ్‌లో బోధన మొదలుపెట్టిన ఇప్ మాన్ పరంపరలో దీనికే పెద్దపీట. ఇద్దరూ ముంజేతులు ఆనించి తిప్పుతూ ఉంటే, ఎదుటివారి ఒత్తిడి ఎటు మళ్లుతున్నదో కంటి కంటే ముందు చర్మమే పసిగడుతుంది.

విజయనగరం అయోధ్య మైదానం వంటి చోట సాధన చేసేవారు ఉదయం ఆరుకే మొదలుపెట్టడం మేలు. ఎండ ముదిరితే చెమటకు ముంజేతులు జారి స్పర్శ తప్పుతుంది. పళ్లకు రక్షణ తొడుగు, పలుచని గ్లవ్స్ తప్పనిసరి.

పోరును రెండు నిమిషాల చొప్పున, బలంలో పావువంతుకు మించకుండా ఆడాలి. మోచేయి పక్కటెముకలకు పిడికెడు దూరంలో నిలవాలి. అది బయటికి తెరుచుకున్న క్షణమే ఛాతీ నడిమి గీత ఖాళీ అయి, ఎదుటి పిడికిలి నేరుగా లోపలికి వస్తుంది. తాలింఖానాలో కర్రసాము నేర్చినవారు ఇక్కడే తడబడతారని నా అభిప్రాయం, ఎందుకంటే వారి చేయి దూరం కొలిచి విసరడానికి అలవాటుపడి ఉంటుంది.

కళ్లు, గొంతు, మోకాళ్ల జోలికి పోరాదు. దెబ్బ గట్టిగా తగిలితే ఆగి, మళ్లీ చేతులు ఆనించి నెమ్మదిగా మొదలుపెట్టాలి.