అక్షరాల బండకు అచ్చు తీయడం

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో గుడి ముందరో, చెరువు కట్ట మీదో, చెల్క గెట్టు మీదో అక్షరాలు చెక్కిన బండలు చాలాచోట్ల కనబడతాయి. శిల్పకళ చదివేవాళ్లకు విగ్రహం కన్నా ముందు ఈ బండే కావాలి. విగ్రహం మీద సాధారణంగా తారీఖు ఉండదు, దానశాసనం మీద ఉంటుంది. పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం 1208 నాటిదని శాసనాన్ని బట్టి తెలిసింది కాబట్టే, అక్కడి స్తంభాల చెక్కడాన్ని కొలబద్దగా పెట్టుకుని, తారీఖు లేని పక్క ఊరి గుడి ఏ కాలానిదో అంచనా వేయవచ్చు. ఆ తారీఖును చేత్తో రాసుకుంటే తప్పులు పడతాయి. అక్షరం ఉన్నదున్నట్టు కాగితం మీదికి రావాలంటే అచ్చు తీయాలి, అంటే తడి కాగితాన్ని బండకు అతికించి పైన సిరా అద్దాలి. శాసన పరిశోధకులు దీన్ని ఎస్టాంపేజి అంటారు.

పద్ధతి చైనాలో పుట్టింది. తాంగ్ వంశపు చక్రవర్తి తైజోంగ్ రాసిన వేడినీటి బుగ్గ శాసనానికి తీసిన అచ్చు ఒకటి అక్కడి దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. దాని మీద సిరాతో రాసిన తారీఖు 653కు సరిపోతుంది. అసలు బండ ఎప్పుడో పోయింది, కాగితం మిగిలింది. మన దగ్గరా ఇప్పుడు చెరువు కట్టల మరమ్మతుల్లో, గుడి జీర్ణోద్ధరణల్లో పోతున్నవి బండలే.

మొదట అనుమతి సంగతి. ఆలంపూర్ నవబ్రహ్మాలయాల లాంటివి కేంద్ర పురావస్తు సర్వే రక్షణలో ఉన్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ రాయి తడపకూడదు. 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి హెరిటేజ్ తెలంగాణ శాఖను అడగాలి. ఏ రక్షణా లేని ఊరి బండకైతే సర్పంచ్‌కూ, పూజ జరిగే చోటైతే పూజారికీ ముందే చెప్పండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. అక్షరాల బండ కింద గుప్త నిధి ఉంటుందన్న నమ్మకం ఇంకా పోలేదు. ఎవరికీ చెప్పకుండా పొద్దుగాల ఇద్దరు వచ్చి బండ చుట్టూ కాగితాలు పరిస్తే, వాళ్లు పోయాక రాత్రికి గడ్డపార దిగుతుంది.

తడపకముందు వెలుతురుతో చూడండి. సగం బండలకు అచ్చే అక్కర్లేదు, మంచి ఫొటో చాలు. నడినెత్తి ఎండలో అక్షరం లోతు కనబడదు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు, ఉదయం తొమ్మిదిలోపు లేదా సాయంత్రం నాలుగు దాటాక, నీడ గీతలోకి దిగుతుంది. బండ ముఖం ఉత్తరానికి ఉంటే ఏడాదిలో దాదాపు సగం రోజులు ఎండ పడదు కాబట్టి చీకటి పడ్డాక టార్చితో పోవాలి. టార్చిని రాతికి దాదాపు ఆనించి, ఏటవాలుగా వెలుగు పారించాలి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, మూడు ఫొటోలు తీయండి. పక్క వెలుగులో నిలువు గీతలు తేలుతాయి, పై వెలుగులో అడ్డగీతలు, తలకట్లు తేలుతాయి. ఒక్క వైపు నుంచే తీసినవాళ్లు తలకట్టును పగులనుకుంటారు, పగులును దీర్ఘమనుకుంటారు. ఫొటోలో స్కేలు తప్పకుండా ఉండాలి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం మాత్రం వద్దు. దిద్దినవాడు చదివిందే తర్వాత అందరూ చదువుతారు.

అచ్చు తీయాల్సిందే అనుకుంటే రాయిని వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టి చప్పుడు వస్తే సరే. బోలుగా మోగితే పైపొర లేచిందని అర్థం, బ్రష్ దెబ్బకు అక్షరంతో సహా ఊడి వస్తుంది. అలాంటి బండకూ, ఆలంపూర్ వైపు ఇసుకరాయి పొడిరాలుతున్న చోటా ఫొటోతోనే ఆగిపోవాలి. నున్నగా తీర్చిన నల్లరాయి అచ్చుకు అన్నిటికన్నా అనుకూలం. గరుకు గ్రానైటు మీద రాతి గింజలే అక్షరాలతో పోటీ పడతాయి.

సామాను పెద్దదేం కాదు. జిగురు పట్టించని, నీళ్లు పీల్చే పలుచని కాగితం కావాలి. ఒక నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకిపోవాలి. చుక్క పైనే నిలిచి మెరిస్తే ఆ కాగితం పనికిరాదు. న్యూస్‌ప్రింట్ తడవగానే చినుగుతుంది, డ్రాయింగ్ షీటు గీతలోకి దిగదు. కాగితం చెక్కిన భాగం కన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దదిగా ఉండాలి. దుమ్ము దులపడానికి మెత్తని బ్రష్, కొట్టడానికి దట్టమైన వెంట్రుకల బ్రష్, శుభ్రమైన నీళ్లు, స్పాంజి, పాత మల్లు బట్ట, దూది. సిరాకు దీపపు మసి, తుమ్మ బంక. మసి నీళ్లలో నేరుగా కలవదు, పైన తేలుతుంది. రాత్రి నానబెట్టిన బంకనీళ్లు కొన్ని చుక్కలు పోసి ముందు ముద్దగా నూరి, ఆ తర్వాతే పలుచన చేయాలి. కొంచెం కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి. నలుపు అంటితే బంక చాలలేదు, మెరిసి పెళుసుగా పగిలితే ఎక్కువైంది. దూదిని నిమ్మకాయంత ఉండ చేసి రెండు మడతల మల్లు బట్టలో మూట కడితే సిరా అద్దే గుత్తి తయారు.

రాతి మీద నాచు, మట్టి ఉంటే నీళ్లతో, కొబ్బరి పీచుతో మెల్లగా కడగండి. తీగ బ్రష్, యాసిడ్, స్క్రూడ్రైవరు జోలికి పోవద్దు. ఈ మధ్య గుడులకు ఎనామిల్ రంగు వేసే అలవాటు బాగా ముదిరింది, అక్షరాలు పూడిపోయి పైన నున్నగా ఉంటుంది. ఆ రంగును గీకడం మన పని కాదు. పురావస్తు శాఖకు రాసి, వెలుతురు ఫొటోతో సరిపెట్టుకోండి.

కడిగిన రాయి తడిగా ఉండగానే కాగితాన్ని నీళ్లలో ముంచి, నీరు కారిపోనిచ్చి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని పై అంచు నుంచి కిందికి ఆనించాలి. మధ్య నుంచి అంచులకు స్పాంజితో ఒత్తుతూ గాలి బుడగలు తీసేయాలి. బుడగ మిగిలితే అక్కడ అక్షరం రెండుగా పడుతుంది. తర్వాత బ్రష్‌ను నిటారుగా పట్టి కొట్టాలి. రుద్దకూడదు, రుద్దితే కాగితం పొర లేస్తుంది. దెబ్బ గట్టిగా కాదు, వరుసగా, ఒకే బలంతో పడాలి. ప్రతి అక్షరం గుంటగా కనబడేదాకా కొట్టండి. ఎక్కడైనా చినిగితే అదే కాగితం ముక్కను తడిపి పైన వేసి కొడితే అతుక్కుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఒక మూల కొడుతుండగానే మరో మూల ఆరి లేచిపోతుంది. చలికాలం ఉదయం, గాలి లేని రోజు మంచిది.

ఇక అసలు చిక్కంతా సిరా వేసే వేళలో ఉంది. ఎక్కువ అచ్చులు చెడేది ఇక్కడే. కాగితం తడి మెరుపు పోయి, తెల్లబడడం మొదలై, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా ఉన్నప్పుడు అద్దాలి. ముందే అద్దితే సిరా గుంటల్లోకి పారి అక్షరం పూడుతుంది, వెనక్కి ఊరి రాయికీ అంటుతుంది. బాగా ఆరాక అద్దితే గుత్తి దెబ్బకు కాగితం గుంటలోంచి పైకి లేస్తుంది. గుత్తికి నేరుగా సిరా ముంచకుండా, పళ్లెంలో సిరా తాకించి, ఇంకో గుత్తికి కొట్టి సమం చేసి, పాత కాగితం మీద ఒకసారి చూసుకుని, అప్పుడు బండ మీదికి రండి. మొదటి వరుస బూడిద రంగులోనే పడాలి. మూడు నాలుగు వరుసల్లో నలుపు తేవాలి. ఒక్క దెబ్బకు నలుపు వచ్చిందంటే సిరా ఎక్కువుంది, ఆపండి. చివరికి చుట్టూ నలుపు, అక్షరాలు తెలుపు, కుడి ఎడమలు మారకుండా నేరుగా చదవచ్చు.

పూర్తిగా ఆరేముందే పై మూల నుంచి మెల్లగా విప్పి, నీడలో ఆరబెట్టండి. వెనక పెన్సిల్‌తో ఊరు, బండ ఉన్న చోటు, ఏ ముఖం, తారీఖు రాయాలి. మడిస్తే మడత మీద అక్షరం పోతుంది, చుట్టగా చుట్టండి. స్తంభ శాసనమైతే నాలుగు ముఖాలకూ నాలుగు షీట్లు.

చదవడానికి కూర్చున్నప్పుడు ముందు పైనున్న బొమ్మలు చూడండి. సూర్యచంద్రులు ఉంటే ఆచంద్రార్కం, అంటే సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం దానం చెల్లాలని. లింగమూ నందీ ఉంటే శైవం, మూడు గొడుగుల కింద కూర్చున్న మూర్తి ఉంటే జైనం. తర్వాత "శకవర్షంబులు" అన్న మాట వెతకండి. కాకతీయుల కాలపు లిపిలో రేఫ తరువాతి అక్షరం జంటగా రావడం మామూలే. "ధర్మ్మ", "కార్త్తిక" అని ఉంటే చెక్కినవాడి తప్పు కాదు.

ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే శక సంఖ్యకు 78 కలపాలి. శక 1130 అయితే 1208. మాసం మాఘమో, ఫాల్గుణమో అయితే సాధారణంగా ఇంగ్లీషు సంవత్సరం మారి ఉంటుంది, 79 కలపాలి. సంవత్సరం పేరుతో సరిచూసుకోవడం మరీ ముఖ్యం. 1988లో విభవ వచ్చింది, అరవై చొప్పున పదమూడు సార్లు వెనక్కి పోతే 1208, అదీ విభవే. అంకె ఒకటి చెప్పి పేరు ఇంకోటి చెబితే, మీరు అంకె తప్పు చదివారేమో అని మొదట అచ్చునే మళ్లీ చూడండి. ఒక ఏడాది తేడా మాత్రమే వస్తే గడిచిన సంవత్సరమా, జరుగుతున్నదా అన్న లెక్క వల్ల కావచ్చు.

దానశాసనాలు చాలావరకు శాపంతో ముగుస్తాయి. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం" అని మొదలవుతుంది: తానిచ్చిందైనా, మరొకరిచ్చిందైనా భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. మీ అచ్చులో ఆ వరుస లేకపోతే శాసనం అయిపోలేదని అనుమానించాలి. బండ వెనక వైపు చూడండి. అక్కడా లేకపోతే మిగతాది మట్టిలో ఉండవచ్చు. తవ్వకండి. కింది చివరి వరుస నేలకు ఎన్ని అంగుళాల ఎత్తున ఉందో కొలిచి, ఫొటోతో సహా శాఖకు రాయండి.