ముందు కుర్చీ, తరువాత స్పీకర్లు: హోమ్ థియేటర్ గదిలో సరౌండ్ అమరిక

హోమ్ థియేటర్ కోసం గది సిద్ధం కాగానే చాలామంది స్పీకర్లను మూలల్లోనో గోడల వెంబడో ఖాళీ ఉన్నచోట సర్దివేసి, మిగిలిన స్థలంలో సోఫా వేసుకుంటారు. ఈ క్రమాన్ని తిరగవేయాలి. చుట్టూ స్పీకర్లు ఉండే సరౌండ్ అమరికలో ప్రతి కోణాన్నీ, ప్రతి దూరాన్నీ వినేవారి తల ఉన్నచోటు నుంచే కొలుస్తారు కనుక, కూర్చునే స్థానం ఖరారు కానిదే ఏ స్పీకరు ఎక్కడ ఉండాలో చెప్పడం సాధ్యం కాదు.

ఆ స్థానాన్ని ఎంచుకునేటప్పుడు గది మధ్యభాగాన్నీ, వెనుక గోడనూ తప్పించాలి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 5 మీటర్ల పొడవున్న గదిలో, ఆ వేగాన్ని పొడవుకు రెట్టింపైన 10తో భాగిస్తే వచ్చే 34 హెర్ట్జ్ దగ్గర శబ్దతరంగం ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి, గోడల వద్ద విపరీతంగా బలపడి, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. అందుకే గది నడుమ కూర్చున్నవారికి బేస్ (మంద్ర శబ్దం) పలచగానూ, వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నవారికి బరువుగానూ వినిపిస్తుంది. వెనుక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు ముందుకు జరిగిన చోటుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. చిన్న గదిలో అంత వీలు లేకపోయినా, తలకూ గోడకూ మధ్య కనీసం రెండడుగుల ఖాళీ ఉంచడం మంచిది.

ఇక 5.1 అమరికలో, అంటే ముందు ఎడమ, సెంటర్, కుడి స్పీకర్లు, రెండు సరౌండ్ స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ ఉండే అమరికలో, ముందు వరుసను చూద్దాం. ఎడమ, కుడి స్పీకర్లు వినేవారికి నేరెదురుగా ఉన్న రేఖ నుంచి చెరో వైపు 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలి. 30 డిగ్రీలు కావాలనుకుంటే కోణమానిని అక్కరలేదు, కొలత టేపు చాలు: రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కొక్క స్పీకరు నుంచి తల వరకు ఉన్న దూరం సమానమైతే సమబాహు త్రిభుజం ఏర్పడి కోణం దానంతటదే కుదురుతుంది. ట్వీటర్లు (స్పీకరులో కీచు స్వరాలను పలికించే చిన్న భాగాలు) కూర్చున్నప్పటి చెవి ఎత్తులో, అంటే సాధారణంగా నేల నుంచి 1 నుంచి 1.2 మీటర్ల మధ్య ఉండాలి.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది సెంటర్ స్పీకరు మీద. సినిమాల్లో సంభాషణలు చాలావరకు దాని నుంచే వస్తాయి. మాటలు అర్థం కావడం లేదని శబ్దం పెంచి, పోరాట సన్నివేశం రాగానే తగ్గించే ఇళ్లలో తరచుగా తప్పు ఈ ఒక్క స్పీకరు అమరికలోనే ఉంటుంది. టీవీ కింద పెట్టవలసి వస్తే అది మోకాళ్లవైపు కాక చెవులవైపు చూసేలా ముందు అంచును కాస్త పైకెత్తాలి. అరలో లోపలికి తోసివేయకుండా, దాని ముఖం అర అంచుకు సమంగా వచ్చేలా జరపాలి. లేకపోతే అర పలక నుంచి వచ్చే ప్రతిఫలనం మాటలను మసకబారుస్తుంది. ముందున్న మూడు స్పీకర్లూ ఒకే శ్రేణికి చెందినవైతే, తెర మీద ఒక పక్క నుంచి మరో పక్కకు నడిచే మనిషి గొంతు దారిలో మారిపోదు.

సరౌండ్ స్పీకర్లను పూర్తిగా వెనుక పెట్టాలన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. 5.1లో వాటి స్థానం వెనుక మూలలు కాదు. వినేవారికి పక్కన, కొద్దిగా వెనుకకు, నేరెదురు రేఖ నుంచి కొలిస్తే 110 నుంచి 120 డిగ్రీల మధ్య. తల ఉన్నచోటు నుంచి నేరుగా పక్కకు 2 మీటర్లు, అక్కడి నుంచి వెనక్కి 70 సెంటీమీటర్లు కొలిస్తే దాదాపు 110 డిగ్రీలు వస్తుంది. సోఫాలో పక్కనున్నవారి తల అడ్డు వచ్చే పరిస్థితి ఉంటే, స్పీకర్లను చెవి ఎత్తు కంటే ఒకటి రెండు అడుగులు పైకి పెట్టవచ్చు. వెనుక మరో జత చేరే 7.1లో పక్క స్పీకర్లు 90 నుంచి 110 డిగ్రీల మధ్య, వెనుక జత 135 నుంచి 150 డిగ్రీల మధ్య ఉంటాయి. సోఫా వెనుక తగినంత జాగా లేని గదిలో 7.1 కంటే చక్కగా కుదిరిన 5.1 మేలని నా దృఢమైన అభిప్రాయం.

తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ కోసం పైకప్పులో నాలుగు స్పీకర్లు అమర్చేవారు ముందు జతను తలకు ముందు 45 డిగ్రీల ఎత్తులో, వెనుక జతను అదే కోణంలో వెనుక ఉంచవచ్చు. పైకప్పు 3 మీటర్లు, చెవి 1 మీటరు ఎత్తులో ఉంటే, తల నుంచి ముందుకు 2 మీటర్లు, వెనక్కి 2 మీటర్లు కొలిస్తే సరిపోతుంది. అట్మాస్ ఉన్న గదిలో పక్క స్పీకర్లను మరీ పైకి ఎక్కించకూడదు. పై శబ్దానికీ పక్క శబ్దానికీ తేడా చెరిగిపోతుంది.

సబ్‌వూఫర్ విషయంలో కొలతల కంటే చెవినే నమ్మాలి. దాన్ని తాత్కాలికంగా మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ స్వరాలు మారుతూ ఉండే సంగీతాన్ని నడిపి, దాన్ని ఉంచడానికి వీలున్న ప్రతి చోటా నేల దగ్గరకు వంగి వినండి. ఏ స్వరమూ గూబ పగిలేలా మోగకుండా, ఏదీ మాయం కాకుండా సమంగా వినిపించిన చోటే దాని స్థానం. మూలలో పెడితే శబ్దం పెరుగుతుంది గానీ, చాలా గదుల్లో ఆ సమత్వం పోతుంది.

తీగలు కలిపేటప్పుడు ప్రతి స్పీకరుకూ ప్లస్‌ను ప్లస్‌కే, మైనస్‌ను మైనస్‌కే కలపాలి. ముందు స్పీకర్లలో ఒకదానికి ఇవి తారుమారైతే బేస్ సన్నగిల్లి, రెండింటి నడుమ స్పష్టంగా నిలవవలసిన శబ్దం చెల్లాచెదురవుతుంది. పక్క గోడల మీద ప్రతిఫలనం తగ్గించాలంటే, ఒకరు సోఫాలో కూర్చుని ఉండగా మరొకరు గోడకు ఆనించి అద్దాన్ని జరపాలి. అద్దంలో ముందు స్పీకరు కనబడిన చోట మందమైన శోషక పలక అమర్చాలి. పలుచని ఫోమ్ కీచు స్వరాలను మాత్రమే మింగి గదిని నిర్జీవం చేస్తుంది.

రిసీవరుతో (స్పీకర్లన్నింటినీ నడిపే యంత్రంతో) వచ్చే మైకుతో కొలతలు తీయడం చివరి పని. ఫ్యాన్లు, ఏసీ ఆపి, మైకును చేత్తో పట్టుకోకుండా చెవి ఎత్తులో స్టాండు మీద నిలపాలి. ముందు స్పీకరు 3.4 మీటర్ల దూరంలో, సరౌండ్ 1.7 మీటర్ల దూరంలో ఉంటే, సరౌండ్ శబ్దం 5 మిల్లీసెకన్లు ముందుగా చేరుతుంది. రిసీవరు దాన్ని ఆ మేరకు ఆలస్యం చేసి సరిచేస్తుంది. సబ్‌వూఫర్ దూరాన్ని టేపు కొలత కంటే ఎక్కువగా చూపిస్తే దాన్ని మార్చకండి. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ల ఆలస్యం కూడా ఆ లెక్కలో చేరి ఉంటుంది. తరువాత మెనూలో స్పీకర్లను 'స్మాల్'గా, క్రాస్ఓవర్‌ను (ఎంత కంటే కింది స్వరాలు సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దును) 80 హెర్ట్జ్‌గా పెట్టి వినడం మొదలుపెట్టండి. స్పీకర్లు మరీ చిన్నవైతే 100 లేదా 120కి పెంచండి. సోఫాను జరిపినా, గదిలోకి పెద్ద సామాను వచ్చినా కొలతలు మళ్లీ తీయవలసిందే.