సరుకుల సంచి తేలిక కాకుండా ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

నెల సరుకుల ఖర్చు పెరిగిందంటే ముందు నూనె ధర, పప్పు ధర గుర్తొస్తాయి. ధరలు మన చేతిలో లేవు. ఏ నెలలో కొంటున్నాం, తెచ్చినదాంట్లో ఎంత పారేస్తున్నాం అన్నవి మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, పొదుపు కోసం కొత్త వంటలు నేర్చుకోనక్కర్లేదు. చోడి (రాగి) అంబలి, ఉలవచారు, కంద బచ్చలి మన ఇళ్లలో వండుతున్నవే. వాటిని మళ్లీ రోజువారీ వంటలోకి తెచ్చుకుంటే చాలు. కింది లెక్కలన్నీ నలుగురున్న ఇంటికి.

మొదట పదిహేను రోజులు పారేసింది రాయండి

కొన్నదాని లెక్క చాలామంది రాస్తారు, పారేసినదాని లెక్క ఎవరూ రాయరు. వంటింట్లో ఒక చిన్న పుస్తకం వేలాడదీసి వాడిపోయిన కొత్తిమీర, పురుగు పట్టిన రవ్వ, మిగిలిన అన్నం ఏ రోజుకా రోజు రాయండి. అన్నం సంగతే చూడండి. కిలో బియ్యం వండితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. రోజూ ఒక చిన్న గిన్నెడు, అంటే 200 గ్రాముల అన్నం చెత్తలోకి వెళ్తే దాదాపు 75 గ్రాముల బియ్యం పోయినట్టు. నెలకి రెండుంపావు కిలోలు. బియ్యం చేత్తో ఉజ్జాయింపుగా తియ్యకుండా ఒక గ్లాసు కొలతగా పెట్టుకోండి. పూటకి అర కిలోతో మొదలుపెట్టి, వారం రోజులు మిగులు చూసుకుని తగ్గించండి.

ఏడాది సరుకు ఏ నెలలో కొనాలి?

అసలు డబ్బు మిగిలేది ఇక్కడ. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కొత్తది వస్తుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ చింతపండు సంతల్లో దొరుకుతుంది, గిరిజన సహకార సంస్థ డిపోల్లోనూ అడగండి. రోజుకి 20 గ్రాములు వాడే ఇంటికి ఏడాదికి ఏడు కిలోలు కావాలి. ఎండుమిర్చి మార్చి, ఏప్రిల్‌లో కొనాలి. రోజుకి పది గ్రాముల కారం చొప్పున మూడున్నర కిలోలు, తొడిమల తరుగు కలుపుకుని నాలుగు కిలోలు తీసుకోండి. వరి కోసిన మడుల్లో వేసిన మినుములు, పెసలు కూడా ఫిబ్రవరి, మార్చిలోనే ఇంటికొస్తాయి. బియ్యం సంక్రాంతి దాటాక తీసుకోవచ్చు. సన్న బియ్యం కావాలంటే రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఉన్నాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి మొదటి నెలల్లో ఎసరు కొంచెం తగ్గించండి. నాలుగైదు నెలలు నిల్వ ఉంటే అవే పాత బియ్యంలా పొడిపొడిగా ఒదుగుతాయి.

ఒకేసారి అంత డబ్బు పెట్టలేని ఇల్లే ఎక్కువ. ఒక ఏడాది చింతపండు మాత్రం కొనండి, మరుసటి ఏడాది మిర్చి కలపండి. అప్పు చేసి నిల్వ కొనకండి. వడ్డీ ఆ మిగులుని తినేస్తుంది.

నిల్వ చెడేది తేమ వల్ల. పప్పులు రెండు రోజులు మంచి ఎండలో పరిచి, నీడలో పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు డబ్బాలో పోయాలి. చాలామంది చేసే తప్పు, ఎండలోంచి తెచ్చిన వేడి పప్పుని అలాగే పోసి మూత బిగించడం. ఆ వేడికి మూత లోపల చెమ్మ పట్టి, బూజూ పురుగూ రెండూ వస్తాయి. చింతపండుకి గింజలు, పీచు తీసి, కిలోకి గుప్పెడు కల్లుప్పు పొరలుపొరలుగా వేసి జాడీలో గట్టిగా అదమండి. నల్లబడటం సహజం, పులుపు పోదు. కారం మాత్రం ఏడాదికి సరిపడా ఒకేసారి ఆడించకండి. మిర్చిగా ఉంచి ఆరు నెలలకోసారి ఆడిస్తే రంగు, ఘాటు నిలుస్తాయి.

రవ్వ, శనగపిండి, గోధుమపిండి నెలకి మించి కొనొద్దు. గంటి (సజ్జ) పిండి అయితే రెండు వారాలకే చేదెక్కుతుంది, అందులో సహజంగా నూనె ఎక్కువ.

అంగట్లో చూడాల్సినవి

నూనె ప్యాకెట్లన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి, అన్నీ లీటరు కావు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ మీద నికర బరువు 850 గ్రాములో, 800 గ్రాములో ఉంటే ధర తక్కువని మురిసిపోకండి. ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకి లేదా మిల్లీలీటరుకి ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు ప్యాకెట్లు పోల్చాల్సింది దానితోనే. ఐదు, పది రూపాయల చిన్న పొట్లాల్లో మసాలా, టీపొడి కొనడం తేలిగ్గా కనిపిస్తుంది కానీ గ్రాము లెక్కన ఎంత పడుతుందో చూసుకోండి.

కిరాణా కొట్లో ఖాతా ఉంటే ధర అడగడం మానేస్తాం. నెలాఖరుకి పద్దు చూశాక అడగడానికి ఏమీ ఉండదు. ఖాతా తప్పనిసరైతే సరుకు తెచ్చిన రోజే ధర మీ పుస్తకంలోనూ రాసుకోండి.

కూరగాయలు రైతుబజారులో బోర్డు ధర చూసి కొనండి. ఆకుకూరలు పొద్దున్నే, గట్టి కాయలు సాయంత్రం బేరానికి. కార్తీక మాసంలో కూరగాయల ధరలు చుక్కలనంటుతాయి. ఆ నెలకి కంద, గుమ్మడికాయ, వడియాలు ముందే ఇంట్లో ఉంచుకోండి. రామభద్రపురం మార్కెట్‌కి దగ్గరలో ఉంటే రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి టోకున కొని పంచుకోవచ్చు.

ఒక ఉడుకు, రెండు వంటలు: ఉలవలు

పావు కిలో ఉలవలు ఏరి, కడిగి, రాళ్లు గాలించి, రాత్రి నానబెట్టండి. కనీసం ఎనిమిది గంటలు నానాలి. పొద్దున్న లీటరున్నర నీళ్లతో కుక్కర్లో పెట్టి, కూత వచ్చాక మంట తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. గింజ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. నీళ్లు వడకడితే లీటరుకి కాస్త అటూ ఇటూగా ముదురు గోధుమరంగు కట్టు వస్తుంది.

ఆ కట్టులో నిమ్మకాయంత చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి సన్న మంట మీద 20 నిమిషాలు మరిగించి ఇంగువ పోపు పెట్టండి. ఇదే రెండు పూటల చారు. కాస్త చిక్కగా కావాలంటే ఉడికిన ఉలవలు రెండు గరిటెలు మెత్తగా రుబ్బి కలపండి. మిగిలిన గింజలకి ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడితే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి గుగ్గిళ్లు సిద్ధం. బయట కొనే చిప్స్ ప్యాకెట్‌కి ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇక్కడ జరిగే పొరపాటు, గింజ ఉడకకముందే చింతపండు వెయ్యడం. పులుపు తగిలితే గింజ మెత్తబడదు, గ్యాస్ అయిపోతుంది. కందిపప్పులో గోగుకూర వేసినా ఇదే సంగతి, పప్పు ఉడికాకే ఆకు కలపాలి. 150 గ్రాముల కందిపప్పుకి రెండు కట్టల ఆకుకూర వేస్తే నలుగురికి సరిపోతుంది. ఆకు లేకుండా అదే పప్పు 250 గ్రాములు కావాలి.

వారం కూరల వరుస

సంతకి వెళ్లొచ్చిన మొదటి రెండు రోజులు తోటకూర, గోగుకూర, బచ్చలి. తర్వాత వంకాయ, బెండకాయ. ఆఖర్న ఆనపకాయ, దోసకాయ, కంద. ఈ వరుస తప్పితేనే ఆకుకూర చెత్తలోకి వెళ్తుంది. తోటకూర కాడలు పులుసుకి, బీరకాయ తొక్కు, లేత ఆనపకాయ తొక్కు పచ్చడికి తీసిపెట్టండి. తొక్కుని చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. తొందరపడితే పచ్చడి కసరుగా ఉంటుంది, ఇంట్లో ఎవరూ ముట్టరు.

పోపుకి నూనె చెంచాతో కొలవండి, సీసాతో వంచకండి. వేపుడు వారానికి రెండుసార్లు చాలు. మూకుడు మీద మూత పెట్టి మగ్గిస్తే సగం నూనెతో అయిపోతుంది.

నీచు తినే ఇళ్లలో వారానికోసారి మాంసం బదులు వంకాయలో 50 గ్రాముల ఎండు నెత్తళ్లు వేసి వండండి. కొనేటప్పుడు విరిచి చూడాలి, మెత్తగా వంగితే సరిగ్గా ఎండలేదు.

పొద్దున్న టిఫిన్

రోజూ ఇడ్లీ, దోసె పిండి కొని తెచ్చే ఇల్లు ముందు దాన్ని ఆపాలి. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కొలతతో ఇంట్లోనే రుబ్బుకోండి. మిగతా రోజుల్లో అంబలి. వంద గ్రాముల చోడిపిండిని అర లీటరు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి రాత్రంతా పులియనివ్వండి. పొద్దున్న లీటరు నీళ్లలో వంద గ్రాముల బియ్యపు నూక ఉడికించి, పులిసిన పిండి పోస్తూ పది నిమిషాలు ఆపకుండా కలపండి. పొడి పిండి నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ.

రాత్రి మిగిలిన అన్నం చల్లారాక మునిగేలా నీళ్లు పోసి మూత పెడితే తెల్లారేసరికి చద్దన్నం. మధ్యాహ్నం వండినది ఇందుకు వాడొద్దు. ఎండాకాలంలో త్వరగా పులుస్తుంది. జిగురుగా తీగ సాగినా, పులుపు కాని వాసన వచ్చినా పారబోయండి.

నెలాఖరున మీ పుస్తకంలో పారేసినవాటి జాబితా మళ్లీ చూడండి. రెండుసార్లకి మించి కనిపించిన సరుకుని వచ్చే నెల సగమే తెండి. అలా మిగిలిన డబ్బు వేరే డబ్బాలో వేసి ఫిబ్రవరి దాకా ముట్టుకోకండి. చింతపండు డబ్బు అదే.